తాబేలుకి దొరికిన చోటు

పిల్లలాడుకునే బొమ్మల్లో కూడా ఆడా మగా లెక్కలేమిటని కొందరు మన మీద విసుక్కుంటారు. నిజానికి లెక్క చూడాల్సింది అక్కడే. మైదానంలో స్త్రీలకు చోటేదీ అని అడిగితే శరీరాలు వేరు, బలం వేరు అంటారు. కార్టూన్ బొమ్మకి ఎముకలూ కండరాలూ ఉండవు. గీసినవాళ్ళు ఎంత బలమిస్తే అంతే దాని బలం. అక్కడా స్త్రీలు తక్కువైతే ఆ నేరాన్ని ప్రకృతి మీదికి నెట్టడం కుదరదు.

జపాన్ కంపెనీ నింటెండో తయారుచేసే మారియో ఆటలు చూడండి. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో రాకుమారి పీచ్‌ని రాక్షసుడు ఎత్తుకుపోతాడు, మారియో విడిపిస్తాడు. ఆమె చేసేదేమీ లేదు. 1991లో వచ్చిన గోల్ఫ్ ఆటలో ఆమెకి ఒక పని దొరికింది. మారియో ఆడతాడు, పీచ్ అతని కేడీ. అతని తమ్ముడు లుయిగీకి మరో రాకుమారి డైసీ కేడీ. అంటే ఆట వాళ్ళది, సంచీ వీళ్ళది! మన ఇళ్ళలో ఈ పని విభజన ఎవరికి తెలియదు?

మరుసటి ఏడు 'సూపర్ మారియో కార్ట్' పందెంలో ఎనిమిది మంది డ్రైవర్లు. అందులో తాబేలుంది, కోతుంది, డైనోసార్ ఉంది, పుట్టగొడుగు తలవాడున్నాడు. స్త్రీ ఒక్కతే, పీచ్. తాబేలు కారు నడపగలదని ఊహించినవాళ్ళకి రెండో స్త్రీ తట్టలేదు.

కొనేది మగపిల్లలే కదా, అది వ్యాపారం అంటారు. 1989లో అదే కంపెనీ అమ్మిన చేతి యంత్రం పేరే 'గేమ్ బాయ్'. పేరులోనే తలుపు వేసేసి, ఆడపిల్లలు లోపలికి రాలేదనడం ఏం న్యాయం?

మార్పు రాలేదని కాదు. 2000లో టెన్నిస్ ఆటలో పీచ్, డైసీ ఇద్దరూ రాకెట్ పట్టారు. 2005 నాటి ఫుట్‌బాల్ ఆట 'సూపర్ మారియో స్ట్రైకర్స్'లో ఇద్దరూ కెప్టెన్లే. కాకపోతే మగ కెప్టెన్లకి నిండు జెర్సీ, వీళ్ళకి నడుము కనిపించే దుస్తులు. 2022లో వచ్చిన 'మారియో స్ట్రైకర్స్: బ్యాటిల్ లీగ్'లో అందరికీ ఒకే తీరు కవచాలు. ఒక్క యంత్రం మీద ఎనిమిది మంది దాకా కలిసి ఆడవచ్చు. పీచ్ తనని ఎత్తుకుపోయిన బౌజర్‌నే ఢీకొట్టి బంతి లాక్కుంటుంది. అన్నా చెల్లెలూ ఒకే తెర ముందు ఒకే నియమాలతో పోటీపడే అవకాశం చిన్నదేమీ కాదు. మన వీధుల్లో ఆడపిల్లకి అది ఎంత అరుదో మనకి తెలుసు.

అయినా జూన్‌లో ఆ ఆట విడుదలైనప్పుడు ఉన్న పదిమంది ఆటగాళ్ళలో స్త్రీలు ఇద్దరే. పీచ్, రోజలీనా. 2005లోనే కెప్టెన్ అయిన డైసీ లేదు. ఆమెని జూలైలో చేర్చారు. సెప్టెంబరులో పౌలీన్ వచ్చింది. 1981 నాటి 'డాంకీ కాంగ్' ఆటలో గొరిల్లా ఎత్తుకుపోయిన స్త్రీ ఈమే. ఈ ఫుట్‌బాల్ మైదానంలోకి ఆమె దిగేసరికి, అదే పేరున్న గొరిల్లా మొదటి రోజు నుంచే జట్టులో ఉంది.