లెక్కలోకి రాని నీళ్లు ఎవరివి?

నెల్లూరు తీరాన మా అమ్మ పుట్టిన ఊళ్లో వీధి చివరి కొళాయి నేలమీద ఉండదు, గుంటలో ఉంటుంది. నీళ్లు పైకెక్కవు కనక ఆడవాళ్లే గడ్డపారలతో మోకాటిలోతు తవ్వి, పైపు కోసి, అక్కడ కొళాయి బిగించుకున్నారు. బిందెను గుంటలోకి దించాలి, వంగి ఎత్తాలి. “నీళ్లు మన దాకా రాకపోతే మనమే నీళ్ల దాకా దిగాం, ఏం చేస్తాం మే” అంటుంది మా పిన్ని. ఆమె నడుంనొప్పికి 20 ఏళ్లు.

అదే ఊళ్లో ట్యాంకు పక్కన వాల్వు దగ్గర నేల ఏ ఎండాకాలంలోనూ ఆరదు. గేదెలు అక్కడే తాగుతాయి. ఎవరినడిగినా “నీళ్లు చాలవు” అంటారు. చాలకపోవడమా, చేరకపోవడమా? ఈ ప్రశ్న అడగకుండానే మనం దశాబ్దాలు గడిపేశాం.

మన తీరంలో కారిన నీళ్లు చాలాచోట్ల కంటికి కనపడవు కూడా. బంకనేలలో పైపు పగిలితే నీళ్లు పైకి ఉబికి సంగతి చెప్పేస్తాయి. సముద్రపు ఒడ్డు ఇసుక గుటుక్కున మింగేస్తుంది. ఉప్పుగాలికి ఇనప బిగింపులు తుప్పుపట్టిపోతాయి. పోనీ బోరు వేసుకుందామంటే చాలాచోట్ల పడేది ఉప్పునీళ్లే. 1990లలో రొయ్యల గుంటలు వచ్చాక ఆ ఉప్పు మరింత పెరిగింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చినప్పుడు, దాని ముందున్న ఫిర్యాదుల్లో తాగునీరు ఉప్పుబారడం ఒకటి. కాబట్టి ఇక్కడ పైపు కారడమంటే ఎవరో ఒక ఆడమనిషి కూలిడబ్బులతో 20 లీటర్ల క్యాను కొనుక్కోవడమే.

ఇంజనీర్లు ఈ నష్టానికి పెట్టుకున్న పేరు చూడండి: ‘ఆదాయం రాని నీరు’. పంపిన నీటిలోంచి బిల్లు పడిన నీటిని తీసేస్తే మిగిలేది. ఇది 20 శాతం మించకూడదని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో ప్రమాణం పెట్టింది. 2021లో మొదలైన అమృత్ రెండో విడత కూడా ఆ 20 శాతాన్నే గీతగా గీసింది. మంచిదే. కానీ ఆ మూట విప్పి చూడండి. పగిలిన పైపులోంచి పోయింది, దొంగ కనెక్షన్లో పోయింది, మీటరు తప్పు చూపించింది, వీటితోపాటు వీధికొళాయిలో ఉచితంగా ఇచ్చింది! ఇసుకలో ఇంకిన నీళ్లూ, పేదరాలి బిందెలో పడిన నీళ్లూ ఒకే పద్దు.

దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. శాతం తగ్గించడానికి రెండు దారులు. నేల తవ్వి, కారేచోటు వెతికి, బాగుచేయడం ఒకటి. వీధికొళాయి పీకేయడం రెండోది. కాగితం మీద రెండూ ఒకటే విజయం. ఏది సులువో ఏ అధికారికైనా తెలుసు.

జీతం లేదు కనక ఇంటిచాకిరీ పని కాదన్న అర్థశాస్త్రాన్ని మనం ఎప్పుడో నిలదీశాం. ఇది దాని చెల్లెలే. బిల్లు లేదు కనక ఆ నీళ్లు నష్టం. ఆ నీళ్ల కోసం తెల్లవారుజామున లేచి కాచుకున్న గంటలు మాత్రం ఏ పద్దులోనూ లేవు.

“ఉచితమైతే వృథా చేస్తారు” అంటారు. చంకన బిందె మోసుకెళ్లేవాళ్లు నీళ్లు పారబోయడం ఎవరైనా చూశారా? పైపుకి మోటారు తగిలించి సంపులోకి లాగేసుకునే ఇళ్లని వదిలేసి గుంట తవ్వుకున్నవాళ్లనే తప్పుపడతారు. నీళ్లు ఆగాక ఖాళీపైపు గుంటలోని మురుగుని లోపలికి పీలుస్తుంది, నిజమే. ఆ గుంట తవ్వించింది ఎవరు?

1992లో ఇదే జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అంతకుముందు ‘వారుణివాహిని’ పేరుతో ప్రభుత్వమే సారా పాకెట్లను పల్లెలకు పంపించింది. మంచినీళ్లు చేరని పల్లెకీ అవి చేరాయి. ఆ వాహిని ఎక్కడా కారిపోలేదు, ఎందుకంటే అది ఆదాయం వచ్చే ద్రవం! 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చిందంటే అది ఆ ఆడవాళ్ల వల్లే. సర్కారుకి చేర్చే శక్తి లేదని ఈ జిల్లాలో మాత్రం ఎవరూ చెప్పకూడదు.

కారేచోటు కనుక్కోవడం బ్రహ్మవిద్య కాదు. ట్యాంకు దిగువన ఒక మీటరు పెట్టి, ఒక రాత్రి కొళాయిలన్నీ కట్టేసి వాల్వు తెరిస్తే, ఆ మీటరు చూపేదంతా నష్టమే. వీధివీధికీ వాల్వు ఉంటే ఏ వీధిలో కారుతోందో తేలిపోతుంది. జల్ జీవన్ మిషన్ 2019 నుంచి పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లంటోంది. బిగించిన కొళాయిల లెక్క దొరుకుతుంది. వాటిదాకా ఎన్ని నీళ్లు చేరాయో చెప్పే లెక్క మా ఊళ్లో ఏ గోడమీదా నేను చూడలేదు.

ఒడిశాలోని పూరీ 2021 జూలై నుంచి 24 గంటలూ కొళాయి దగ్గరే తాగదగ్గ నీళ్లు ఇస్తోంది. అక్కడ స్వయంసహాయక బృందాల స్త్రీలు ‘జలసాథి’ పేరుతో మీటర్లు చూస్తారు, నీళ్లు పరీక్షిస్తారు, బిల్లులు వసూలు చేస్తారు. సంతోషించాలి. కానీ వసూలు మీద ఇచ్చే కమీషన్‌ని సాధికారత అనడానికి నాకు నోరు రాదు. బిల్లు పుస్తకం ఆడవాళ్లకి, వాల్వు తాళం మగవాళ్లకి ఎందుకు? ఫిట్టరుగా, లైను చూసే మనిషిగా జీతమిచ్చి పెట్టుకోండి. ఏ పైపు ఎక్కడ కారుతుందో వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఆ పద్దుని రెండుగా చీల్చమని ముందు మనం అడగాలి. నేలలోకి పోయింది వేరు, మనిషి తాగింది వేరు. మొదటిది తగ్గించండి. రెండోదాన్ని నష్టమంటే ఒప్పుకోం. మా పిన్ని గుంట పూడ్చి కొళాయిని నేలమీదికి తెచ్చిన రోజున మీ శాతాలు నమ్ముతాం.