కొలువులు సరే, ఎవరికి?

హైదరాబాద్‌కు మరో బహుళజాతి కంపెనీ వచ్చింది. మెక్‌డొనాల్డ్స్ తన గ్లోబల్ ఆఫీసు ఇక్కడ పెడుతుందని, 2,000 మందికి కొలువులు వస్తాయని 2025 మార్చిలో ప్రకటించారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆఫీసు తెరుచుకుంది.

ఇది బర్గర్లు అమ్మే దుకాణం కాదు. ఒక కంపెనీకి దేశదేశాల్లో ఉండే లెక్కలు, బిల్లుల చెల్లింపు, జీతాలు, సాఫ్ట్‌వేర్, డేటా పనులను ఒక్కచోట చేయించుకునేందుకే ఇలాంటి కేంద్రాలు పెడతారు. ఇక్కడ ఖర్చు తక్కువ, చదువుకున్న పిల్లలు ఎక్కువ. అందుకే వస్తున్నారు, మన మీద ప్రేమతో కాదు. అయినా స్వాగతిస్తున్నాం.

కానీ నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించిన గడ్డ ఇది. 1969లో పాల్వంచలో రాజుకున్న మంట కొలువుల కోసమే. 1985లో 610 జీవో వచ్చినా దాని అమలు కోసం ఏళ్ల తరబడి కొట్లాడాల్సి వచ్చింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో సర్కారు కొలువుల్లో స్థానికులకు 95 శాతం రిజర్వేషన్ దక్కింది. ఆ ఉత్తర్వులు ప్రైవేటు కంపెనీ గేటు దాటవు.

చట్టం చేస్తే సరిపోదా అని విద్యార్థి మిత్రులు అడుగుతున్నారు. నెలకు 30 వేల లోపు జీతమున్న ప్రైవేటు ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అని హర్యానా చట్టం చేసింది. 2023 నవంబర్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తొవ్వ మూసుకుపోయిందని చేతులు ముడుచుకొని కూర్చుందామా?

పొట్ట చేతపట్టుకొని వచ్చినోళ్లతో మాకు పేచీ లేదు. మా పేచీ సర్కారుతో. ఎంపికలు నగరంలోని పేరున్న కాలేజీల దగ్గరే ఆగితే ఆదిలాబాద్‌లో బీకాం చదివిన బిడ్డకు, పాలమూరు డిగ్రీ పిల్లగానికి ఒరిగేదేమిటి? జిల్లా కాలేజీల్లో క్యాంపస్ సెలక్షన్లు పెట్టించాలి. ఇంగ్లీషు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అక్కడే నేర్పాలి. బిల్లులు సరిచూసే పని రేపు కృత్రిమ మేధ చేస్తుంది, కాబట్టి అంతకు మించిన పని నేర్పాలి. రాయితీ పొందే ప్రతి కంపెనీలో ఎన్ని కొలువులు ఇచ్చారో, అందులో పర్మినెంట్ ఎన్నో, కాంట్రాక్టు ఎన్నో, జిల్లాల పిల్లలెందరో ఏటా బయటపెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, రాయితీ ఒప్పందంలో ఒక షరతు చాలు.

రిబ్బన్ కత్తిరించిన ఫొటోలు చూశాం. ఇక లెక్క చూపండి.