నమూనా గొర్రుతోపాటు కొలతల పటము కూడ రావలెను

పరిశోధనా క్షేత్రములో ఇంజనీరు తయారుచేసిన మొదటి గొర్రు చక్కగా విత్తుటలో వింత లేదు. చేసినవాడే దాని వెంట నడచును. వదులైన బోల్టు బిగించును, గింజ పడని గొట్టమును తట్టును. అదే గొర్రు చిన్న కార్ఖానాలలో వందలుగా తయారై గ్రామములకు వచ్చునపుడు ఆయన వెంట రాడు. ఆయనకు బదులు రావలసినది కొలతల పటము. అనేకచోట్ల కార్ఖానాకు నమూనా మాత్రమే చేరుచున్నది.

వేరుసెనగ గొర్రునే చూడుడు. వర్షాధారపు పైరుకు సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల దూరము సిఫారసు చేయబడినది. నేలచక్రము తిరిగినకొద్దీ గింజల పళ్లెము తిరిగి, దాని గుంటలలోని గింజలు ఒక్కొక్కటిగా జారును. కనుక చక్రపు వ్యాసమునకు, గుంటల సంఖ్యకు విడదీయరాని లెక్క గలదు. నమూనాకు 40 సెంటీమీటర్ల చక్రమున్నదనుకొందము. మెత్తని దుక్కిలో జారుచున్నదని కార్ఖానాదారు 45 సెంటీమీటర్ల చక్రము వేసినాడు, పళ్లెము మార్చలేదు. జారుడు సంగతి విడిచినను, గింజ 10కి బదులు 11.25 సెంటీమీటర్ల కొకటి పడును. ఎకరమునకు సుమారు 1,35,000 మొక్కలు ఉండవలసినచోట 1,20,000 మాత్రమే ఉండును. ఈ లోటు సాలులో కంటికి ఆనదు. రైతు విత్తనమును, వానను నిందించును.

పాత గొర్రుకు ఈ చిక్కు లేదు. జడ్డిగములో గింజలు వదలు స్త్రీ చేయి ఎప్పటికప్పుడు తప్పు సరిదిద్దును. (ఆ నేర్పునకు మనము కూలిలో ఏపాటి విలువ కట్టితిమో అది వేరు సంగతి.) పళ్లెమునకు ఆ తెలివి లేదు.

కార్ఖానాదారునే తప్పుపట్టుట న్యాయము కాదు. పెద్ద చక్రము ఆ నేలకు మంచిదే కావచ్చును. దానిని ఇంజనీరుకు తెలిపి పటములో చేర్పించు మార్గము లేకపోవుటయే లోపము. పటముపై సంఖ్య, తేదీ ఉండి, ప్రతి మార్పు కారణముతో సహా దానిలో చేరవలెను. పటమునకు నేను కోరు పరీక్ష ఒకటే: నమూనాను చూడని కార్ఖానాకు పటము మాత్రమే ఇచ్చి, వారు చేసిన గొర్రును పొలములో నడిపి చూడవలెను. అది సరిగా విత్తినగాని తయారీకి అనుమతి ఇవ్వరాదు. ఒక కారు ఆలస్యమగును, కానిండు.

అంతవరకు రైతు సోదరులు గొర్రు కొనునపుడు చక్రపు వ్యాసము, గుంటల సంఖ్య రసీదుపై వ్రాయించుకొనవలెను. చక్రమునకు సున్నపు గుర్తు పెట్టి, విత్తబోవు దుక్కిలోనే 10 చుట్లు లాగించి, మట్టి తీసి గింజల మధ్య దూరము కొలువవలెను. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో నెలకొల్పబడిన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ ఆ యంత్రమును పరీక్షించియున్నచో, ఆ నివేదిక చూపుమని అమ్మువారిని అడుగవచ్చును. సబ్సిడీపై వచ్చిన గొర్రుల కొలతలను గ్రామాధికారులు ఒక పుస్తకములో ఎక్కించి ఉంచినచో, ఏ గొర్రు విత్తిన చేలలో మొలక పలుచనైనదో మరుసటి ఏడు పోల్చి చూచుటకు వీలగును.