ఏడుపు ఆపిన పిల్లాడు కుదురుకున్నట్టేనా?

"తల్లి కనబడితేనే పిల్లాడు ఏడుస్తాడండీ. ఆమెను బయట కూర్చోమనండి, గంటలో వాడే కుదురుకుంటాడు." పిల్లల ఐసీయూ తలుపు దగ్గర ఈ మాట పడని తల్లులు తక్కువ. ఈమధ్య దీన్నే గొప్ప క్రమశిక్షణగా చెప్పుకునే ఆసుపత్రులు బయల్దేరాయి. పూటకో గంట విజిటింగ్ అవర్స్, ఇంటికొక్క పాస్, గుమ్మంలో సెక్యూరిటీ గార్డు. ఇది క్రమశిక్షణ కాదు, పసివాడి బాధ కంటబడకుండా చేసుకున్న ఏర్పాటు.

బ్రిటన్ ఆసుపత్రులు 1950ల్లో ఇదే పాట పాడాయి. అప్పుడు జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన కెమెరా పట్టుకుని వార్డులో నిలబడ్డాడు. బొడ్డు హెర్నియా ఆపరేషన్‌కి వచ్చి, ఎనిమిది రోజులు తల్లికి దూరంగా ఉన్న రెండున్నరేళ్ల పాపను చిత్రీకరించాడు. ఆ పాప గోల చేసే రకం కాదు. ఏడుపు దిగమింగుకుంటుంది, అమ్మ కావాలంటుంది. తీరా తల్లి చూడడానికి వస్తే మొహం తిప్పేసుకుంటుంది. 1952లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో ఆ సినిమా వేస్తే వైద్యలోకం మండిపడింది. తల్లికి దూరమైన పిల్లలు ముందు ఏడ్చి పోరాడతారని, తర్వాత ఆశ వదులుకుంటారని, చివరికి మనసు తెంచుకుంటారని రాబర్ట్‌సన్ చెప్పాడు. వార్డువాళ్లు "బుద్ధిగా ఉన్నాడు" అని మురిసిపోయేది ఆ చివరి దశను చూసే. 1959లో బ్రిటన్‌లోనే ప్లాట్ కమిటీ అనే నిపుణుల బృందం తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లల దగ్గర తల్లి ఉండే ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. అరవై ఏళ్లు దాటినా ఆ సంగతి మన గుమ్మాల దాకా రాలేదు.

రాబర్ట్‌సన్ డాక్టరు కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల నర్సరీలో బాయిలర్ చూసుకున్న మనిషి. పెద్ద డాక్టర్లకు కనబడనిది ఆయనకు కనబడిందంటే, రోజంతా పిల్లల మధ్య తిరిగాడు కాబట్టే. రౌండ్స్‌కి వచ్చి ఐదు నిమిషాల్లో వెళ్లేవారికి మంచం మీద కదలని పిల్లాడు మంచి పేషెంటే!

సెలైన్ పెట్టేటప్పుడు జరిగేది చూస్తే చాలు. తల్లిని బయటికి పంపి, ఆయా కాళ్లు, ఇంకొకరు భుజాలు అదిమి పడితే సిస్టర్ నరం వెతుకుతుంది. పిల్లాడు గింజుకుంటాడు, నరం దొరకదు, మళ్లీ గుచ్చాలి. అదే పిల్లాణ్ని తల్లి ఒళ్లో ఆమె ఛాతీకి ఆనించి కూర్చోబెట్టి, చేయి ఒక్కటే సిస్టర్‌కి అందించవచ్చు. పాలు తాగే బిడ్డయితే చనుపాలు తాగుతుండగానే సూది వేయవచ్చు, నొప్పి తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. దీనికి కొత్త యంత్రమేదీ కొనక్కర్లేదు.

తల్లి లోపలుంటే ఇన్ఫెక్షన్ వస్తుందంటారా? ఢిల్లీ సఫ్దర్‌జంగ్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, రెండు కిలోలు కూడా లేని శిశువులను పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద ఉంచి చూశారు. 2021లో వచ్చిన ఫలితాల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. సెప్సిస్ అనుమానిత కేసులూ తగ్గాయి. కేంద్ర ఆరోగ్యశాఖ కూడా నవజాత శిశువుల సంరక్షణలో కుటుంబానికి చోటిస్తూ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

సర్కారు దవాఖానాల్లో తల్లి లోపలే ఉంటుంది నిజమే, కానీ గౌరవంతో కాదు. చేసే మనుషులు లేక ఆమెతోనే అన్నీ చేయిస్తారు. గుడ్డలు మార్చేది, సెలైన్ సీసా అయిపోతే పరుగెత్తేది ఆమే. రాత్రికి నేల మీద పడక. బిడ్డకు ఏ మందు ఎందుకిస్తున్నారని అడిగితే మాత్రం కసురుతారు.

ఇక పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఏ వార్డూ సరిపడదు. బొమ్మల గోడల మధ్యో, పెద్దవాళ్ల పక్కనో పడుకోబెట్టి, నెలసరి గురించి తండ్రి ముందే, వార్డంతా వినేలా అడుగుతారు. కర్టెన్ లాగి, తండ్రిని రెండు నిమిషాలు బయట ఉండమని, మెల్లగా అడిగే ఓపిక ఉండొద్దా?

తప్పు సిస్టర్లదని నెట్టేయడం అన్యాయం. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్కరి మీద వదిలేస్తే ఎవరైనా విసుక్కుంటారు. సిస్టర్లను పెంచాలి, మంచం పక్కన తల్లికి కుర్చీ వేయాలి, ఆమెకూ భోజనం పెట్టాలి. ఖర్చెంతో ఆసుపత్రులే లెక్క కట్టుకోవాలి. ఈలోగా గుమ్మంలో ఉన్న గార్డును పార్కింగ్ దగ్గరికి పంపొచ్చు.