చెట్లు కొట్టి కాపాడాల్సిన నేల

చెట్టు నాటితే పుణ్యం, కొడితే పాపం అని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. స్కాట్లండ్ ఉత్తర కొసన ఉన్న ఫ్లో కంట్రీలో మాత్రం పర్యావరణ సంస్థలే దగ్గరుండి చెట్లు కొట్టిస్తున్నాయి. అది ముమ్మాటికీ సరైన పని. ఆ చిత్తడి నేలలో స్ఫాగ్నమ్ అనే నాచు ఒళ్లంతా నీళ్లు నింపుకుని పెరుగుతుంది. అడుగున చచ్చిన నాచు, నీటిలో గాలి ఆడక పూర్తిగా కుళ్లదు. ఏడాదికి ఇంచుమించు ఒక్క మిల్లీమీటరు చొప్పున పేరుకుని పీట్ అవుతుంది. కొన్నిచోట్ల దాని లోతు 10 మీటర్ల దాకా ఉంది. అక్కడ దాగిన కర్బనం సుమారు 40 కోట్ల టన్నులని అంచనా. 2024లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంతటి నిధిని 1980ల్లో బంజరు కింద జమకట్టారు. పన్ను రాయితీల కోసం పెట్టుబడిదారులు అక్కడ నేల దున్నించి, నీరు పోయేలా చాళ్లు తీయించి, సిట్కా స్ప్రూస్, లాడ్జ్‌పోల్ పైన్ మొక్కలు నాటించారు. 1988 బడ్జెట్‌లో రాయితీ రద్దయ్యాకే ఆ జోరు తగ్గింది. నీరు దిగిపోతే పీట్‌లోకి గాలి చొరబడుతుంది. వేల ఏళ్లు నిలవున్న కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా మారి పోతుంది. అందుకే ఇప్పుడు చెట్లు తీసేసి, చాళ్లకు పీట్ ముద్దలతోనే అడ్డుకట్టలు వేస్తున్నారు. నీటిమట్టం పైకొస్తే నాచు మళ్లీ అల్లుకుంటుంది.

నేల తడిస్తే మీథేన్ పెరుగుతుంది కదా అంటారు. నిజమే, పెరుగుతుంది. కానీ మీథేన్ గాలిలో సుమారు పన్నెండేళ్ల పాటే ఉంటుంది, ఎండిన పీట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాల తరబడి పేరుకుపోతుంది. చెట్లూ కర్బనాన్ని పీల్చుకుంటాయి కదా అన్నది మరో వాదన. లోతైన పీట్ మీద చెట్టు కూడబెట్టేది కొన్ని దశాబ్దాల పొదుపు, దాని కింద కరిగేది వేల ఏళ్ల మూలధనం. చెట్ల పెంపకంతో దొరికే ఉపాధి సంగతి తేలిగ్గా కొట్టేయలేం. అయితే చాళ్లు పూడ్చడానికీ యంత్రాలు, మనుషులు కావాలి. 2020లో స్కాట్లండ్ ప్రభుత్వం పీట్ నేలల పునరుద్ధరణకు పదేళ్లకు 25 కోట్ల పౌండ్లు ప్రకటించింది. ఆ డబ్బు ముందుగా స్థానికుల చేతికే చేరాలి.

పీట్ ఒకసారి పోతే మన జీవితకాలంలో తిరిగి రాదు, కాబట్టి బాగుచేయడం కన్నా చెడగొట్టకపోవడమే చవక. ఎన్ని మొక్కలు నాటారన్న లెక్కతోనే పచ్చదనాన్ని కొలిచే ప్రభుత్వాలు, మనవైనా సరే, గొయ్యి తవ్వేముందు ఆ నేల అప్పటికే ఏం చేస్తోందో చూడాలి.