దారి లేని కొండకు వెళ్ళే ముందు



పోయిన నెల ఒక రాత్రి రౌండు ముగించుకొని ఇంటికి చేరేసరికి మా చెల్లెలి ఫోను. "అక్కా, వాడు నా మాట వినడం లేదు. నువ్వయినా వద్దని చెప్పు" అంది. వాడంటే వాళ్ళ పెద్దబ్బాయి. విశాఖపట్నంలో ఉద్యోగం. నలుగురు స్నేహితులతో కలిసి పాడేరు వైపు కొండల్లో రెండు రాత్రులు ఉండి రావాలనుకుంటున్నాడు. వంజంగి కొండ మీద మేఘాలు చూడడం అయిపోయిందట. అక్కడ ఇప్పుడు తిరునాళ్ళలా జనం, బళ్ళు. అందుకని ఈసారి ఎవరూ వెళ్ళని, దారి లేని కొండ కావాలి. గుడారం, దుప్పట్లు, వంట సామాను అన్నీ వీపు మీద సంచిలోనే. అరగంట తరువాత వాడే ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, అమ్మ చెప్పేసిందా? నాకో ఫస్ట్ ఎయిడ్ బాక్సు సర్ది పెట్టవా?"

నేను వద్దనలేదు. మా చెల్లెలికి ఇప్పటికీ నా మీద కోపమే. కానీ ముప్పై ఏళ్ళుగా క్యాజువాలిటీకి వచ్చే పిల్లలను చూస్తున్నాను. ఇంట్లో చెప్పి వెళ్ళినవాడికి దెబ్బ తగిలితే కొన్ని గంటల్లో ఎవరో ఒకరు వెతకడం మొదలుపెడతారు. స్నేహితుడి గదిలో చదువుకుంటున్నానని చెప్పి కొండకు వెళ్ళినవాడి కోసం రెండు రోజులైనా ఎవరూ బయలుదేరరు. మనం "వద్దు" అన్న ప్రతిసారీ వాళ్ళు వెళ్ళడం మానరు, చెప్పడం మానేస్తారు. అందుకే వాడితో ఒకటే అన్నాను: "బాక్సు తరువాత సర్దుదాం. ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు. రెండో రోజు మధ్యాహ్నం మీలో ఒకడికి కాలు విరిగింది. వాణ్ణి ఎలా కిందికి దింపుతారు?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "108కి ఫోన్ చేస్తాం" అన్నాడు.

108 బండి రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. 2018లో ఏజెన్సీ ఊళ్ళ కోసం బైకు అంబులెన్సులు కూడా వచ్చాయి. కానీ దారి లేని చోటికి బైకు మాత్రం ఎలా వస్తుంది? అసలు ఫోను మోగాలి కదా. ఆ లోయల్లో సిగ్నల్ ఉండే చోటు వెతకడానికే ఒక గట్టు ఎక్కాలి.

కొండల మీద నుంచి మా ఆసుపత్రికి వచ్చే రోగులలో కొందరు డోలీలో వస్తారు. ఒక గట్టి కర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి ఇద్దరు భుజాన మోస్తారు. ఆ ఇద్దరే కాదు, వెనక ఇంకో ఆరుగురో ఎనిమిది మందో మారడానికి నడుస్తారు. నిండు గర్భిణులను అలా మోసుకొచ్చిన మనుషుల భుజాలకు నేనే మందు రాశాను. రోడ్డు లేక వాళ్ళు పడే కష్టం అది. ఆ రోడ్డు లేని చోటికే మన పిల్లలు సరదాగా వెళ్తామంటున్నారు. వెళ్ళడం తప్పనడం లేదు. కానీ దెబ్బ తగిలితే మోసేది మళ్ళీ ఆ ఊరి మనుషులే. వాళ్ళకు ఆ రోజు కూలి పోతుంది. వేసుకునే ప్లానులో ఈ లెక్క కూడా ఉండాలని నా అభిప్రాయం.

ఇక వాడి ప్లాను చూశాను. ఫోనులో ఉపగ్రహం తీసిన మ్యాపు, దాని మీద గీసిన గీత. మొదటి రోజు 14 కిలోమీటర్లు, రెండో రోజు 16. రోడ్డు మీదైతే ఈ దూరం సరే. పొదలు, రాళ్ళు, గెడ్డలు దాటుకుంటూ బరువుతో ఎక్కేటప్పుడు గంటకు ఒక కిలోమీటరు నడిస్తే గొప్ప. పైగా శీతాకాలంలో ఆ వైపు సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలుతుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది దాకా పొగమంచు వదలదు. మిగిలేది ఎన్ని గంటలు? మొదటిసారి వెళ్ళేవాళ్ళకు రోజుకు ఐదు కిలోమీటర్లు చాలా ఎక్కువ. మధ్యాహ్నం మూడు గంటలకు ఎక్కడున్నా నడక ఆపి బస వేసుకోవాలి. చీకట్లో దిగేవాళ్ళ చీలమండలే ఎక్కువగా మా దగ్గరికి వస్తాయి.

అమెరికాలో ఉన్న వాళ్ళ బావ కూడా వాడికి సలహాలు పంపాడు. మంచివే. అక్కడ చాలా పార్కులలో అనుమతి పత్రం తీసుకొని, ఎక్కడ బస చేస్తారో రాసిచ్చి వెళ్ళాలట. ఆపద వస్తే ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరం కొనుక్కోమని కూడా రాశాడు. ఇక్కడే జాగ్రత్త. మన దేశంలో లైసెన్సు లేకుండా అలాంటి పరికరం, శాటిలైట్ ఫోను దగ్గర ఉంచుకోకూడదు. తెలియక తెచ్చిన విదేశీయులను విమానాశ్రయాల్లో పట్టుకున్న సంగతులు పేపర్లలో వచ్చాయి. అనుమతి మాట మన దగ్గరా ఉంది. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్ళడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం. రేంజి ఆఫీసుకు వెళ్ళి అడగడానికి మన పిల్లలకు బద్ధకం. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్ళినవాళ్ళు అడవి మంటల్లో చిక్కుకొని 20 మందికి పైగా చనిపోయారు. ఎండిన గడ్డి, గాలి, తప్పించుకోవడానికి దారి తెలియకపోవడం. వాళ్ళు వెళ్ళిన దారికి అనుమతి లేదని అధికారులు అన్నారు. అనుమతి అంటే ఒక కాగితం, ఒక స్టాంపు మాత్రమే కాదు. ఇన్ని వందల ఎకరాల్లో ఫలానా వైపు మనుషులున్నారని ఒక ఆఫీసుకు తెలిసి ఉండడం. మన కొండల్లోనూ ఫిబ్రవరి దాటితే పోడు కోసం నిప్పు పెడతారు. అప్పుడు వెళ్ళవద్దు. వానాకాలంలోనూ వద్దు. గెడ్డలో నీళ్ళు మోకాలి లోతు ఉన్నాయని దిగుతారు. పైన ఎక్కడో వాన పడితే అరగంటలో నడుము దాటుతుంది.

బావగారి సలహాల్లో నాకు నచ్చనిది ఒకటి. "మనుషులు లేని చోటు చూసుకో" అన్నాడు. మన తూర్పు కనుమల్లో నిజంగా మనుషులు లేని చోటు ఎక్కడుంది? వీళ్ళు దారి లేదనుకునే వాలు మీద ఎవరో ఆడమనిషి రోజూ కట్టెలకు వెళ్తుంది. కాఫీ తోట ఎవరిదో, రాజ్‌మా చేను ఎవరిదో ఉంటుంది. అడవి పందుల కోసం ఉచ్చులు, కొన్నిచోట్ల కరెంటు తీగలు కూడా పెడతారు. ఆ సంగతి మ్యాపులో ఉండదు, ఊళ్ళో వాళ్ళకే తెలుసు. ఏ గెడ్డలో వేసవిలోనూ నీళ్ళుంటాయి, ఏ రాతికి తేనెపట్లున్నాయి, ఎలుగుబంటి ఏ వైపు తిరుగుతుంది, ఇవన్నీ చెప్పగలిగేదీ వాళ్ళే. అందుకని మొదటిసారి ఆ ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్ళాలి. రోజు కూలి ముందే మాట్లాడుకొని, బేరం ఆడకుండా ఇవ్వాలి. "గైడు ఉంటే మజా ఏముంది పెద్దమ్మా?" అన్నాడు మావాడు. నా దగ్గర దానికి జవాబు ఉంది.

జి.ఎన్.ఎమ్. చదివే రోజుల్లో టీకాల క్యాంపుకు ఐదుగురం అమ్మాయిలం, ఒక సిస్టరు కొండ ఊరికి వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో వాన మొదలైంది. అడ్డదారిన త్వరగా దిగవచ్చని నేనే అన్నాను. నీళ్ళు కిందికే పోతాయి కదా, గెడ్డ వెంట నడిస్తే ఊరు వస్తుందని నా తెలివి. గంట నడిచాక గెడ్డ ఒక పెద్ద బండ అంచు నుంచి కిందికి దూకింది. అటు దిగలేం, ఇటు నాచు పట్టిన రాళ్ళ మీద తిరిగి ఎక్కలేం. చీకటి పడింది. పన్నెండేళ్ళు కూడా ఉండని ఒక అబ్బాయి మేకలను తోలుకుపోతూ మా మాటలు విని వచ్చి, చెయ్యి పట్టుకొని ఒక్కొక్కరినే పైకి తీసుకెళ్ళాడు. దారి తప్పామని తెలిసిన క్షణాన ఆగిపోవాలని, కంగారుగా ఇంకా ముందుకు పోకూడదని, గెడ్డ వెంట దిగకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడైతే మెడలో ఒక ఈల వేసుకోమంటాను. మూడుసార్లు ఊది ఆగడం, మళ్ళీ మూడుసార్లు. అరుపు కన్నా దూరం వినిపిస్తుంది, గొంతూ పోదు.

బాక్సు సంగతికి వస్తాను. పిల్లలు మందులు ఎక్కువ, కట్లు తక్కువ అడుగుతారు. నేను తిరగేసి సర్దాను. క్రేపు బ్యాండేజీలు రెండు, ముక్కోణపు గుడ్డలు, గాజు, ప్లాస్టరు, అయోడిన్ మందు, పారాసెటమాల్, అలర్జీకి సెట్రిజిన్, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు పది. ఉబ్బసం ఉన్నవాడి ఇన్‌హేలరు వాడి జేబులోనే ఉండాలి, సంచి అడుగున కాదు. టి.టి. ఇంజక్షను ఎప్పుడు వేయించుకున్నారో ఐదుగురినీ అడిగితే ఒక్కడికీ గుర్తు లేదు. పడినవాడు లేచి నాలుగు అడుగులు వేయలేకపోతే ఎముక విరిగిందనే అనుకొని కదలకుండా కట్టాలి. ఒకరు దగ్గర ఉండాలి, ఇద్దరు సాయం కోసం వెళ్ళాలి. అందుకే నలుగురికి తక్కువైతే అసలు బయలుదేరవద్దు.

పాము కరిస్తే బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఆకు పసరు రాయడం ఏదీ చేయవద్దు. కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొని, విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మన నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఆ ఒక్క మందే పనిచేస్తుంది. కట్లపాము రాత్రి నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. కాబట్టి కింద పట్టా కుట్టి ఉన్న, జిప్పు పూర్తిగా మూసుకునే గుడారమే కావాలి. నక్షత్రాలు చూస్తూ ఆరుబయట పడుకుంటామంటే నేను ఒప్పుకోలేదు.

నీళ్ళు మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు, అది మర్చిపోయి సంచి నింపుతారు. మొత్తం బరువు తమ శరీరం బరువులో అయిదో వంతు దాటకూడదు. గెడ్డ నీళ్ళు ఎంత తేటగా ఉన్నా మరిగించి తాగాలి. కొత్త బూట్లతో ఎప్పుడూ వెళ్ళకూడదు. సంచి సరిగ్గా అంతే బరువుతో విశాఖలోనే కంబాలకొండ దారుల్లో రెండు ఆదివారాలు నడిచి చూడమన్నాను. మొదటి ఆదివారమే ఇద్దరికి మడమలు బొబ్బలెక్కాయి. జీలుగు కల్లు సంగతి కూడా విన్నాను. తాగినవాడికి చలి తెలియదు, ఒంట్లో వేడి మాత్రం పోతూనే ఉంటుంది. లంబసింగి చలి తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇది చదివే తల్లిదండ్రులకు మరొక్క మాట. పిల్లలు తిరిగి వచ్చాక మన పని అయిపోదు. దోమకాటుతో వచ్చే మలేరియా ఒకటి రెండు వారాల తరువాత బయటపడవచ్చు. పొదల్లో ఉండే నల్లి లాంటి పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా అంతే. చంకలోనో, గజ్జలోనో, నడుము దగ్గరో చిన్న నల్ల పెచ్చు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. ఆలస్యం చేయకపోతే రెంటికీ మంచి మందులున్నాయి. నెల లోపల జ్వరం వస్తే డాక్టరుగారికి మొట్టమొదట చెప్పవలసినది "అడవికి వెళ్ళి వచ్చాడు" అని. మామూలు జ్వరం మాత్రలు వేసి వారం గడిపి తెచ్చినవాళ్ళను ఐ.సి.యు.లో చూశాం.

హిమాలయాలకు వెళ్తామనే పిల్లలకు ఇదంతా సరిపోదు. అక్కడ ఎత్తుతో వచ్చే జబ్బు వేరు, చలి వేరు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో వెళ్ళిన 22 మందిలో 9 మంది మంచుగాలిలో చనిపోయారు. మన 1,600 మీటర్ల కొండల్లో రెండు మూడుసార్లు సంచి మోసి తిరిగాక ఆ మాట ఆలోచించండి.

మావాళ్ళ ప్లాను ఇప్పుడు మారింది. రెండు రాత్రులు ఒకటయింది. 30 కిలోమీటర్లు తొమ్మిదయ్యాయి. రేంజి ఆఫీసులో దరఖాస్తు ఇచ్చారు, తోడు వచ్చే పెద్దమనిషితో మాట్లాడారు. మా చెల్లెలు ఇంకా ఒప్పుకోలేదు, కానీ జంతికలు మాత్రం చేస్తోంది. వాళ్ళు రాసిచ్చిన కాగితం నా టేబులు అద్దం కింద ఉంది. ఐదుగురి పేర్లు, బ్లడ్ గ్రూపులు, బండి ఎక్కడ ఆపుతారు, ఏ గట్టు మీద బస, ఏ ఊరి వైపు దిగుతారు, ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు, పోలీసు స్టేషను నంబరు. కింద ఎర్ర సిరాతో నేను రాసుకున్నది: "ఆదివారం రాత్రి 8 దాకా ఫోను రాకపోతే, 8:05కి మొదలుపెట్టాలి."