హెచ్‌ఐవీకి కాలా అజార్ తోడైతే...

నెలల తరబడి విడవని జ్వరం, నానాటికీ చిక్కిపోతున్న శరీరం, ఎడమ పక్కటెముకల కింద చేతికి తగిలేంతగా పెరిగిన ప్లీహం. దీనినే మన పెద్దలు ‘కడుపులో బల్ల’ అనేవారు. ఇటువంటి రోగిని చూడగానే మన వైద్యులకు స్ఫురించేవి మలేరియా, టైఫాయిడ్, క్షయ. ఆ రోగి బిహార్ నుంచో, జార్ఖండ్ నుంచో హైదరాబాదుకు కూలిపనికి వచ్చినవాడైతే కాలా అజార్ కూడా స్ఫురించాలి. అది నిర్ధారణ అయితే వెంటనే మరొక ప్రశ్న వేయాలి: హెచ్‌ఐవీ కూడా ఉన్నదా? ఈ రెండవ ప్రశ్న ఏ రోగి విషయంలోనూ విస్మరించరానిదని నా దృఢాభిప్రాయం.

కాలా అజార్‌కు కారణం లీష్మానియా డోనొవాని అనే పరాన్నజీవి. దీనిని 1903లో వెల్లడించినవారు ఇద్దరు: లీష్మన్, మద్రాసులో పనిచేసిన డోనొవన్. ఇద్దరి పేర్లూ దాని పేరులో నిలిచిపోయాయి. శాండ్‌ఫ్లై అనే చిన్న కీటకం కుట్టడం వల్ల ఇది ఒంట్లో ప్రవేశిస్తుంది.

దీని నేర్పు చూడండి. క్రిములను మింగి హరించవలసిన భక్షక కణాలలోనే ఇది కాపురం పెడుతుంది. ఆ కణాలను మేల్కొలిపి లోపలి శత్రువును చంపించేది ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం. దానిని విడుదల చేసే ప్రధాన కణాలు సీడీ4 కణాలు. హెచ్‌ఐవీ నాశనం చేసేది సరిగ్గా వీటినే! అంతటితో ఆగదు. పరాన్నజీవితో పోరాడేందుకు ఉత్తేజితమైన సీడీ4 కణాలలో హెచ్‌ఐవీ మరింత వేగంగా వృద్ధి చెందుతుంది. ఒక వ్యాధి మరొకదానికి ఎరువు అవుతుందన్నమాట.

ఫలితాలు మూడు. యాంటీబాడీలను పట్టే రక్తపరీక్ష ఈ రోగులలో ఒక్కొక్కసారి వ్యాధి లేదని తప్పు చెబుతుంది. అప్పుడు మూలుగలోనో, ప్లీహంలోనో క్రిమిని వెదకవలసి వస్తుంది. చికిత్సతో తగ్గిన వ్యాధి, ముఖ్యంగా సీడీ4 సంఖ్య 200 కంటె తక్కువగా ఉన్నవారిలో, మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది. ఒక్క మందు చాలదు కనుక లైపోజోమల్ ఆంఫోటెరిసిన్, మిల్టెఫోసిన్ కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. వీటితోపాటు ఏఆర్‌టీ మందులు జీవితాంతం వాడవలసిందే.

పదివేల జనాభాకు ఏడాదికి ఒక్క కేసు కంటె తక్కువకు కాలా అజార్‌ను తగ్గించడం మన దేశం పెట్టుకున్న లక్ష్యం. కేసులు నిజంగానే బాగా తగ్గాయి. అయితే గుర్తింపునకు రాని ఒక్క జంట వ్యాధిగ్రస్తుడు, వ్యాధి తిరగబెట్టిన ప్రతిసారీ, శాండ్‌ఫ్లైలకు క్రిమిని అందించే నిల్వగా మారగలడు. ఆర్పామనుకున్న మంటలో మిగిలిన నిప్పురవ్వ వంటిదిది.

హెచ్‌ఐవీ పరీక్ష అంటే రోగి వెలికి గురవుతాడని కొందరు సంకోచిస్తారు. ఆ భయం నిరాధారం కాదు. కాని దానికి విరుగుడు పరీక్ష మానడం కాదు, గోప్యత పాటించడం. పరీక్షకు ముందు సమ్మతి తీసుకోవడం, వివరాలు రహస్యంగా ఉంచడం 2017 నాటి చట్టం విధించిన బాధ్యతలు. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాలలో పరీక్ష ఉచితం.

కాలా అజార్ మన తెలుగునేలపై స్థిరపడిన వ్యాధి కాదు, మీరు భయపడనక్కరలేదు. కాని మీ వీధిలో ఇల్లు కడుతున్న వలస కూలీ వారాల తరబడి జ్వరంతో మూలుగుతుంటే, మాత్రలిచ్చి ఊరుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రికి పంపి, అతని స్వస్థలం ఏదో వైద్యునికి తప్పక చెప్పించండి. ఆ ఒక్క మాట అతని ప్రాణం నిలపవచ్చు.